కొత్తగా చేతికొచ్చిన పాత బుల్లెట్: ఏది దాని గుణం, ఏది జబ్బు?

కుడికాలు:

అందరికీ నమస్కారం. ఇన్నేళ్ళూ నేను నడిపింది బటన్ నొక్కగానే స్టార్టయ్యే 150 సీసీ బండి. ఈమధ్యే ఒక పాత బుల్లెట్ 350 తీసుకున్నాను. 1988 మోడల్. కాస్ట్ ఐరన్ ఇంజిన్, కుడికాలి గేరు, పాయింట్ల ఇగ్నిషన్ (రెండు లోహపు మొనలు కలిసి విడిపోతూ స్పార్క్ పుట్టించే పాత పద్ధతి), 12 వోల్టుల బ్యాటరీ, ముందు టైగర్ ల్యాంపులనే రెండు చిన్న దీపాలు, వాటి వెనకాల అమ్మీటర్ (బ్యాటరీలోకి కరెంటు వస్తోందో, బయటికి పోతోందో చూపే మీటరు). ట్యాంకు మీద మోకాళ్ళు ఆనే చోట రంగు అరిగిపోయి ప్రైమర్ కనిపిస్తోంది. దాన్ని అలాగే ఉంచేద్దామనుకుంటున్నాను.

అమ్మినాయన పెద్దాయన. బండితో పాటు ఒక రేకు డబ్బా ఇచ్చారు. అందులో పాత పాయింట్ల సెట్టు, రెండు ప్లగ్గులు, సన్నటి సందులు కొలిచే ఒక ఫీలర్ గేజి, క్లచ్ కేబుల్ ఉన్నాయి. ఏమైనా జాగ్రత్తలు చెప్పండి సార్ అంటే మూడు ముక్కలు చెప్పారు. "చోక్ ముట్టుకోకండి, దీనికి అక్కర్లేదు. ఆయిల్ తగ్గినట్టు కనిపిస్తే కంగారు పడకండి. కిక్కు మాత్రం బద్ధకంగా కొట్టకండి." మూడోది ఎందుకన్నారో మర్నాడు పొద్దున్నే నా పిక్కకి తెలిసింది.

నేను ల్యాబ్‌లో పని చేస్తాను, నైట్ డ్యూటీలు ఎక్కువ. రీడింగులు రాసుకునే అలవాటు బండికీ అంటుకుంది. ఎప్పుడు ఏం చేసిందో రాసి పెడుతున్నాను. రాసేకొద్దీ టెన్షన్ పెరుగుతోందే తప్ప ఒక్కటీ తేలట్లేదు. ఒక మెకానిక్ "పాత బండి అలాగే ఉంటుంది, నడుపుకోండి" అన్నారు. ఇంకొకాయన చూసీ చూడగానే "ఇంజిన్ దింపాల్సిందే" అన్నారు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

స్టార్టింగ్: చల్లగా ఉన్నప్పుడు చోక్ లేకుండానే అందుకుంటుంది, కానీ ఎన్నో కిక్కుకి అన్నది దాని ఇష్టం. ఒక్కోసారి కిక్కు రాడ్డు ఎదురు తన్నుతుంది. బూటు లేకుండా దాని జోలికి వెళ్ళడం మానేశాను.

ఆయిల్: నాలుగు రోజులు కదపకుండా ఉంచి తీస్తే డిప్‌స్టిక్ మీద ఆయిల్ కింది గీతకి అంటీ అంటనట్టు ఉంటుంది. స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నీలం పొగ. కాసేపటికి పొగ ఆగిపోతుంది. తిరిగొచ్చాక చూస్తే ఆయిల్ మళ్ళీ పై గీత దగ్గర ఉంటుంది! ఆ ఆయిల్ ఎక్కడికి వెళ్ళి ఎక్కడి నుంచి వస్తోంది?

ఐడిల్: ఇంజిన్ బాగా వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజిన్ వేగం దిగదు. కాసేపు అలాగే అరిచి, ఉన్నట్టుండి ధబ్బున పడిపోతుంది. నన్ను ఎక్కువ భయపెడుతున్నది ఇదే.

హెడ్‌లైట్ వేసుకుని ఆగితే అమ్మీటర్ ముల్లు మైనస్‌లోకి పోతుంది, వెలుగు తగ్గుతుంది. రెండు నుంచి మూడుకి మార్చేటప్పుడు ఒక్కోసారి గేరు పడదు, న్యూట్రల్‌లో ఉన్నట్టు ఇంజిన్ ఊరికే అరుస్తుంది. రాత్రి నిలిపిన చోట పొద్దున పెట్రోలు వాసన వస్తోంది. అద్దాల్లో వెనకొచ్చే బండి ఎప్పుడూ రెండుగా కనిపిస్తుంది, దాంతో సర్దుకుపోయాను.

ఇవి కాక నా సమస్య ఒకటుంది. దీనికి గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి. కంగారులో నా కుడికాలు ఇంకా బ్రేకు కోసమే వెతుకుతోంది.

వీటిలో ఏది దాని గుణం, ఏది జబ్బు? దేన్ని ముందు పట్టుకోవాలి?

రెండోకిక్కు:

మాస్టారూ, అభినందనలు! ఇంత రాసి ఆయిల్ కారుతోందని మాత్రం రాయలేదేంటి? కారకపోతే ముందు లోపల ఆయిల్ ఉందో లేదో చూసుకోండి :)

పాతస్పానర్ గారు వస్తారు, ఆగండి. ఆయనకి ఇలాంటి పోస్టులంటే పండగే.

సైడ్‌స్టాండ్:

ఇంజిన్ సంగతి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను మీ చివరి పేరా గురించే మాట్లాడతాను. మీ లిస్టులో ముందు పట్టుకోవాల్సింది అదే. ఐడిల్ దిగకపోతే చెవులు నొప్పి పుడతాయి, అంతే. కుడికాలు బ్రేకనుకుని గేరు తొక్కితే సంగతి వేరు. ఈ బండికి ఫస్ట్ గేరు పైకి, మిగతా మూడూ కిందకి. అంటే కంగారులో మీరు బ్రేకనుకుని తొక్కేది పై గేరు! బండి ఆగదు సరికదా, ఇంజిన్ బ్రేకింగ్ కూడా తగ్గిపోతుంది.

నేనూ ఎడమ గేరు బండి నుంచి దీనికి మారినదాన్నే. నాకు పనికొచ్చిన పద్ధతి చెప్తాను. ట్రాఫిక్ లేని చోట మెల్లగా వెళ్తూ, ఆగాల్సి వచ్చిన ప్రతిసారీ ముందు బ్రేకు చేత్తో మొదలుపెట్టి, ఎడమకాలు ఆ తర్వాత కలపండి. చెయ్యి రెండు బండ్లలోనూ ఒకే పని చేస్తుంది కాబట్టి దానికి అయోమయం ఉండదు. చెయ్యి ముందు కదిలే అలవాటు పడితే, కాలు తడబడినా కనీసం సగం బ్రేకు పడుతుంది. ఇంకో మాట: కాళ్ళకి కొత్త అలవాటు కుదిరేదాకా పాత 150 తియ్యకండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి నడిపితే కాళ్ళు ఎప్పటికీ తేల్చుకోవు.

ఇంకోటి, ఈ బండి బ్రేకులు డ్రమ్ములు. మీ పాత బండికి ముందు డిస్కు ఉండి ఉంటే ఆ లెక్కన దూరం పాటించకండి, బాగా ఎక్కువ వదలండి. వానలో డ్రమ్ములోకి నీళ్ళు పోతే మొదటి నొక్కుడుకి ఏమీ పట్టదు. బ్రేకు కొంచెం ఆనించి నడిపితే ఆరుతుంది.

టైర్ల పక్కన అచ్చు కూడా చదవండి. డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2309 అని ఉంటే 2009లో 23వ వారం తయారైందని. నాలుగు కాక మూడే అంకెలుంటే అది 2000కి ముందుది, ఇంకేమీ ఆలోచించకుండా పీకి పారేయండి. పెద్దాయన తక్కువ నడిపిన బండి అయితే గుబ్బలు కొత్తగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం ఎండిపోయి ఉంటుంది. తడి రోడ్డు మీద అది జారుడుబల్లే.

పాతస్పానర్:

సైడ్‌స్టాండ్ గారు చెప్పినదానికి నేను కలిపేదేమీ లేదు. అది ముందు. మిగతాది నాకు వదిలేయండి.

గుణాలూ జబ్బులూ అని మీరు రెండు గదులే పెట్టారు. మూడోది కూడా ఉంది: మీకు ముందు దాన్ని చూసుకున్నవాళ్ళు వదిలిపోయినవి. మీ లిస్టులో ఎక్కువ భాగం ఆ గదిలోకే పోతుంది.

ఆయిల్‌తో మొదలుపెడదాం. అది పూర్తిగా గుణం. దీనికి ఆయిల్ ట్యాంకు విడిగా ఎక్కడో లేదు, ఇంజిన్ అడుగు పెట్టె, అంటే క్రాంక్‌కేసు పోతలోనే వెనక భాగంలో ఒక అర. పంపు అక్కడి నుంచి ఆయిల్ తీసుకుని ఇంజిన్‌కిస్తుంది. పని అయిపోయి క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) కింద చేరినదాన్ని ఇంకో పంపు మళ్ళీ అరలోకి తోస్తుంది. బండి కదలకుండా ఉన్నప్పుడు ఆ అరలోని ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంకు కిందకి దిగిపోతుంది. అందుకే డిప్‌స్టిక్ ఖాళీ. స్టార్ట్ చేయగానే క్రాంకు ఆ ఆయిల్‌లో మునిగి తిరుగుతుంది, కొంత పిస్టన్ దాటి పైకి పోయి కాలుతుంది, నీలం పొగ వస్తుంది. వెనక్కి తోసే పంపు అంతా తోడేశాక పొగ ఆగుతుంది, డిప్‌స్టిక్ నిండుతుంది. పెద్దాయన కంగారు పడొద్దన్నది ఇందుకే.

కానీ పొద్దున్నే డిప్‌స్టిక్ చూసి ఆయిల్ పోశారనుకోండి, కింద ఉన్నది తిరిగొచ్చాక ఎక్కువైపోతుంది. ఎక్కువైనది బ్రీదర్ గొట్టంలోంచి బయటికి వస్తుంది, చైన్ మీదా వెనక టైరు మీదా పడుతుంది. ఆయిల్ ఎప్పుడూ కాసేపు నడిపి వచ్చి, ఆపిన వెంటనే చూడాలి. 20డబ్ల్యూ50 రకం ఆయిల్ వాడండి. వారం ఆగితే దిగడం మామూలు. ఒక్క రాత్రికే అంతా దిగిపోతుంటే మాత్రం పంపు ముఖాలు అరిగాయని, అప్పుడు విప్పి చూడాలి. ఆయిల్ పైకి వెళ్తోందో లేదో అనుమానంగా ఉంటే, ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌కి వెళ్ళే సన్నపైపు బోల్టు కొద్దిగా వదులు చేయండి. అక్కడ ఆయిల్ ఊరుతుంటే నిశ్చింతగా మళ్ళీ బిగించేయండి.

అమ్మీటర్ కూడా గుణమే. ఐడిల్‌లో ఆల్టర్నేటర్ ఇచ్చేది లైటుకి చాలదు, తక్కువైనది బ్యాటరీలోంచి పోతుంది, ముల్లు మైనస్‌కి వాలుతుంది. రేజ్ చేస్తే మధ్యకి వచ్చి ప్లస్ వైపు జరగాలి. ఎంత రేజ్ చేసినా జరగకపోతే రెక్టిఫయర్, వైరింగ్ చూడాలి. ఎప్పుడూ ప్లస్‌లోనే నిలబడిపోతే బ్యాటరీని అనుమానించండి.

ఆ అమ్మీటర్ ఇంకో పని కూడా చేస్తుంది. అది తెలియక చాలామంది పిక్కలు వాచేలా కిక్కులు కొడతారు. ఇగ్నిషన్ ఆన్ చేసి కిక్కుని చేత్తోనైనా కాలితోనైనా మెల్లగా నొక్కుతూ ముల్లు చూడండి. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపూ కాయిల్‌లోకి కరెంటు పోతుంది, ముల్లు మైనస్‌లో ఉంటుంది. పాయింట్లు తెరుచుకున్న క్షణం ముల్లు టక్కున మధ్యకి వస్తుంది. పాయింట్లు తెరుచుకునేది కంప్రెషన్ (పిస్టన్ పైకొస్తూ గాలినీ పెట్రోలునీ నొక్కే దశ) చివరి దగ్గర. అంటే పిస్టన్ ఎక్కడుందో ముల్లే చెప్పేస్తోంది. అక్కడ కిక్కు గట్టిగా అడ్డుపడుతుంది కూడా. ఇప్పుడు ఎడమ చేతి కింది చిన్న డీకంప్రెసర్ లివరు (ఆ ఒత్తిడిని బయటికి వదిలేది) లాగి, కిక్కుని ఇంకొక్క కొంచెం నొక్కండి. పిస్టన్ పై చివర దాటుతుంది. లివరు వదలండి. కిక్కుని పూర్తిగా పైకి రానివ్వండి. ఇప్పుడు పై నుంచి కింద దాకా ఒకే తోపు.

ఎందుకంటే, ఇక్కడి నుంచి మొదలుపెడితే తర్వాతి కంప్రెషన్ రావడానికి క్రాంకు దాదాపు రెండు చుట్లు తిరగాలి. ఆ రెండు చుట్లలో ఫ్లైవీలుకి వేగం వస్తుంది, కంప్రెషన్‌ని సునాయాసంగా దాటేస్తుంది. ఎక్కడ పడితే అక్కడి నుంచి కొడితే పిస్టన్ సగంలో కంప్రెషన్‌కి ఎదురుపడుతుంది, వేగం చాలదు, స్పార్క్ పడగానే వెనక్కి తిరుగుతుంది. ఆ వెనక్కి తిరగడమే మీ పిక్క.

ఇది అలవాటయ్యాక కూడా ఎదురు తన్నితే మాత్రం అది గుణం కాదు. ఇప్పుడు మీ ఐడిల్ సంగతి దాని పక్కన పెట్టి చూడండి. ఎదురు తన్నడం, ఐడిల్ దిగకపోవడం రెండూ ఒకే బండిలో ఉంటే నా చూపు ముందు ఆటో అడ్వాన్స్ యూనిట్ మీదకి పోతుంది. పాయింట్ల ప్లేటు వెనకాల రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు ఉంటాయి. ఇంజిన్ వేగం పెరిగితే బరువులు బయటికి విచ్చుకుని స్పార్క్‌ని ముందుకి జరుపుతాయి, వేగం తగ్గితే స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. గ్రీజు ఎండిపోయినా స్ప్రింగు సాగిపోయినా బరువులు విచ్చుకున్నచోటే ఉండిపోతాయి. స్పార్క్ ముందే పడుతుంటుంది కాబట్టి ఐడిల్ పైనే ఉంటుంది, ఎప్పటికో బరువులు వదిలితే ధబ్బున పడుతుంది. అదే స్థితిలో ఆపేసి మళ్ళీ కిక్కు కొడితే ఎదురు తన్నుతుంది.

పరీక్ష చాలా సులువు. కుడివైపు పాయింట్ల మూత తీయండి. మధ్యలో పాయింట్లని తెరిచే క్యామ్ ఉంటుంది. దాన్ని వేళ్ళతో పట్టుకుని తిప్పి వదలండి. కొంచెం తిరిగి, వదలగానే చురుగ్గా వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చినా, అక్కడే ఉండిపోయినా దొంగ దొరికినట్టే.

అది బాగుంటే రెండో అనుమానం: కార్బరేటర్‌కీ హెడ్‌కీ మధ్య జాయింట్ దగ్గర గాలి లీకు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆ జాయింట్ మీద నీళ్ళు స్ప్రే చేయండి. శబ్దం మారితే అక్కడ లోపలికి గాలి లాగుతోందన్నమాట.

ఇక ఆ "చోక్ అక్కర్లేదు". ఎండల్లో అక్కర్లేకపోవడం వింత కాదు. చల్లటి తెల్లవారుజామున కూడా అక్కర్లేదంటే మిక్స్చర్ రిచ్‌గా, అంటే గాలికి మించి పెట్రోలుతో, ఉందేమో చూడండి. ప్లగ్గు తీయండి. మసి పట్టి నల్లగా ఉంటే అదే కథ. ఈ కార్బరేటర్‌కి పక్కనుండేది గాలి స్క్రూ, అంటే బయటికి తిప్పితే మిక్స్చర్ పలచబడుతుంది. మెల్లగా లోపలికి ఆనించి, ఒకటిన్నర చుట్టు బయటికి తెచ్చి అక్కడి నుంచి చూసుకోండి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా రిచ్ అవుతుంది, స్క్రూ ముట్టుకునే ముందు దాన్ని చూడండి.

పెట్రోలు వాసనకి: నిలిపిన ప్రతిసారీ ట్యాప్ మూయండి. కొత్త బండ్ల నుంచి వచ్చినవాళ్ళకి ఈ అలవాటు ఉండదు. ఫ్లోట్ సూది సరిగా మూసుకోకపోతే పెట్రోలు కారుతూనే ఉంటుంది. బయటికి కారితే వాసన, లోపలికి పోతే ఇంజిన్ ఆయిల్‌లో కలిసి పలచన చేస్తుంది. డిప్‌స్టిక్ ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. పెట్రోలు వాసన వస్తే నడపకండి, ఆయిల్ మార్చేయండి.

రెండు, మూడు మధ్య ఆ దొంగ న్యూట్రల్ గురించి మీ బండికున్న ఈ ఆల్బియన్ రకం గేర్‌బాక్స్ నడిపినవాళ్ళెవరినైనా అడగండి, నవ్వుతారు. తొందర లేకుండా, పాదం చివరి దాకా నొక్కి, ఒక్క క్షణం అక్కడే ఉంచితే సగం సార్లు పోతుంది. మిగతా సగం గేరు లివరు మూత లోపల ఒక ప్లేటు సర్దుబాటుది. రెండు బోల్టులు వదులు చేసి ప్లేటుని కొంచెం అటూ ఇటూ జరిపి, పైకీ కిందకీ గేర్లు సమానంగా పడేచోట బిగించాలి. అసలు న్యూట్రల్ కోసం మడమ దగ్గర విడిగా చిన్న లివరు ఉంది, చూశారా? క్లచ్ పట్టుకుని దాన్ని తొక్కితే రెండు, మూడు, నాలుగు ఏ గేరులో ఉన్నా నేరుగా న్యూట్రల్‌కి వస్తుంది. ఫస్ట్ నుంచి మాత్రం రాదు. సిగ్నల్ దగ్గర ఫస్ట్‌లోకి దించకుండా రెండులోనే ఆగి మడమతో తొక్కండి, హాయిగా ఉంటుంది.

వైరింగ్‌బాబాయ్:

పాతస్పానర్ గారికి నమస్కారాలతో ఒక అభ్యంతరం. ఈ పాయింట్లూ బరువులూ స్ప్రింగులూ ఎంతకాలం? ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ వేసి పాయింట్లు డబ్బాలో పెట్టేస్తే గ్యాప్ గోల ఉండదు. పొద్దున్నే డ్యూటీ నుంచి వచ్చే మనిషి ఫీలర్ గేజితో కుస్తీ పడాలా?

కనీసం పాయింట్ల మధ్య మెరుపుని అణిచే కండెన్సర్ అయినా మార్చమనండి. వేడెక్కాక మిస్సింగ్ మొదలై, పాయింట్ల మధ్య నీలం మెరుపులు పెద్దగా కనిపిస్తుంటే అది పోయినట్టే.

పాతస్పానర్:

బాబాయ్, కండెన్సర్ మాట ఒప్పుకుంటున్నా. కిట్ మాట మాత్రం ఇప్పుడే వద్దు. ఆటో అడ్వాన్స్ ఇరుక్కుని ఉండగా దాన్ని అలాగే ఉంచే రకం కిట్ వేస్తే జబ్బు అక్కడే ఉంటుంది, పైగా కనపడదు. ముందు ఉన్నది ఉన్నట్టు బాగుచేసుకుని, అప్పుడు మార్చాలనిపిస్తే మార్చుకోమనండి. ఇంకో సంగతి: బ్యాటరీ సగం చచ్చినా పాయింట్లతో ఎలాగో ఇల్లు చేరతాం. కొన్ని కిట్లు వోల్టేజి తగ్గితే ముందస్తు సూచన లేకుండా ఆగిపోతాయి. రాత్రిపూట తిరిగే మనిషికి నేనైతే చెప్పను.

వైరింగ్‌బాబాయ్:

బ్యాటరీ సగం చచ్చేదాకా ఊరుకోవడం ఎందుకు అని నా ప్రశ్న. సరే, ఈ వాదన మనకి కొత్త కాదు, వదిలేద్దాం.

కుడికాలు:

అందరికీ చాలా థాంక్స్. వాదన ఆపకండి, నాకు చాలా తెలుస్తోంది.

చేసినవి చెప్తాను. ముందు సైడ్‌స్టాండ్ గారి మాట. వెనక టైరు మీద నాలుగంకెలు ఉన్నాయి, ముందు టైరు మీద మూడే! గుబ్బలు చూస్తే నిన్న కొన్నట్టే ఉంది. రెండూ తీసేశాను. 3.25-19 సైజు కొత్తవి వేయించాను. మొదటి మలుపులోనే తేడా తెలిసింది. ఇప్పటిదాకా హ్యాండిల్ బరువనుకున్నది టైరు మొండితనమని అర్థమైంది. పాత 150 తాళాలు తమ్ముడికిచ్చేశాను, వాడు ఆనందంగా ఉన్నాడు. చెయ్యి ముందు, ఎడమకాలు తర్వాత అని గొణుక్కుంటూ నడుపుతున్నాను.

ఇక పాయింట్ల మూత. క్యామ్ పట్టుకుని తిప్పితే తిరిగింది. వదిలితే రాలేదు. నేను మళ్ళీ వేలితో వెనక్కి తోస్తేగానీ కదల్లేదు! ప్లేటు విప్పాను. బరువుల కింద గ్రీజు ఎండిపోయి ముదురు తేనె రంగులో పెళుసుగా ఉంది, గోటితో గీకితే పొరలుగా ఊడింది. ఒక స్ప్రింగు చుట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి, రెండోదాని చుట్ల మధ్య వెలుతురు కనిపిస్తోంది. ఎవరో ఒకప్పుడు సాగదీసి కొక్కేనికి తగిలించినట్టుంది, కొక్కెం కూడా వంకరగా ఉంది. పెట్రోలుతో కడిగి, రెండు స్ప్రింగులూ కొత్తవి వేసి, పిన్నుల మీద పలచగా ఆయిల్ పెట్టాను. ఇప్పుడు వదిలితే టక్కుమని వస్తోంది. పాయింట్ల గ్యాపు ఫీలర్‌తో చూస్తే 0.5 మి.మీ. దాటి ఉంది. 0.35కీ 0.40కీ మధ్య పెట్టాను.

ఐడిల్ దిగుతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఒక్కో దెబ్బా విడివిడిగా వినిపిస్తోంది. అమ్మీటర్ పద్ధతి రెండో రోజుకల్లా పట్టుబడింది. పక్కింటాయన "ఏంటి, ఇవాళ బండి తీయలేదా" అని అడిగారు. తీసి, తిరిగొచ్చాను కూడా.

ప్లగ్గు మీరన్నట్టే మసి. ఫిల్టర్ మీద పాత ఆయిల్ పేరుకుని ఉంది, మార్చాను. గాలి స్క్రూ దాదాపు పూర్తిగా బిగించి ఉంది. ఒకటిన్నరకి తెచ్చాక పొద్దున చోక్ అడుగుతోంది! పెద్దాయనకి ఫోన్ చేసి చెప్తే "చోక్ అంటే చిరాకని నేనే అలా పెట్టించుకున్నాను" అన్నారు. ట్యాప్ మూస్తున్నాను, వాసన లేదు. డిప్‌స్టిక్‌కీ పెట్రోలు వాసన లేదు.

మిగిలింది రెండు. పైన ఎక్కడో టిక్ టిక్ అని సన్నటి శబ్దం, చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కితే తక్కువ. ఇంకోటి, పాయింట్ల గ్యాపు మార్చాక టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కూడా మారుతుందని ఎక్కడో చదివాను. నా దగ్గర టైమింగ్ లైటు లేదు. ఎలా చూడాలి?

రెండోకిక్కు:

ఆ పెద్దాయన నాకు నచ్చేశారు. చోక్ లివరు దాకా చెయ్యి చాపడం బద్ధకమై బండినంతా రిచ్‌గా నడిపారు!

సైడ్‌స్టాండ్:

ముందు టైరు మూడంకెలదా! మీరు ఇన్నాళ్ళూ వానలో తిరగలేదని ఆశిస్తున్నాను. బ్రేకు షూలు కూడా విప్పి చూడండి. లైనింగ్ మందం ఉన్నా అద్దంలా మెరుస్తుంటే పట్టదు. గరుకు కాగితంతో ఆ మెరుపు తీయండి, పొడి మాత్రం ఊదకండి. ఆ కాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచి పారేయండి.

కుడి గేరు ఎందుకని అడగలేదు గానీ చెప్తాను. ఈ ఇంజిన్ పుట్టుక బ్రిటన్‌లో. స్వింగ్ ఆర్మ్‌తో ఈ 350 అక్కడ 1949లో అమ్మకానికొచ్చింది. ఆ రోజుల్లో బ్రిటిష్ బండ్లకి గేరు కుడివైపే ఉండేది. 1974 సెప్టెంబరు నుంచి అమెరికా గేరు ఎడమవైపే ఉండాలని నిబంధన పెట్టింది. అక్కడ అమ్మాలనుకున్న కంపెనీలన్నీ మారాయి, దాంతో లోకమంతా ఎడమైంది. మీ బండి 1988లో కూడా పాత పద్ధతిలోనే తయారైంది, అంతే.

పాతస్పానర్:

స్ప్రింగు సాగదీసి ఉందన్నారు చూడండి, అది మూడో గదిలోది. ఎవరో ఐడిల్ సమస్యకి స్క్రూలతో వైద్యం చేసుకుంటూ పోయి ఉంటారు.

టిక్ టిక్ చాలావరకు టాపెట్లే, అంటే వాల్వులని తెరిచే భాగాల మధ్య సందు. ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక, అంటే రాత్రంతా ఆగాక చూడాలి. సిలిండర్ కుడిపక్క కింద చిన్న మూత ఉంటుంది, ఒక నట్టు విప్పితే వస్తుంది. లోపల వాల్వులని తెరిచే రెండు కడ్డీలు, పుష్‌రాడ్లు, కనిపిస్తాయి. అమ్మీటర్ ముల్లు పద్ధతిలోనే పిస్టన్‌ని కంప్రెషన్ చివరికి తెచ్చి, ప్లగ్గు విప్పేసి, పుష్‌రాడ్డుని రెండు వేళ్ళ మధ్య పట్టుకోండి. సులువుగా గిర్రున తిరగాలి, కానీ పైకీ కిందకీ ఆడకూడదు. ఫీలర్ గేజి అక్కర్లేదు, వేళ్ళే గేజి. తిరగకపోతే బిగువు, వాల్వు పూర్తిగా మూసుకోదు, కాలిపోతుంది. ఆడితే వదులు, మీ టిక్ టిక్ అదే. బిగువు కంటే కొంచెం టిక్ టిక్ మేలు, శబ్దం పూర్తిగా పోగొట్టాలని పట్టుబట్టకండి. లాక్‌నట్టు బిగించేటప్పుడు సర్దుబాటు జరిగిపోతుంది, బిగించాక మళ్ళీ తిప్పి చూడండి.

టైమింగ్ మారుతుంది, మీరు చదివింది నిజమే. గ్యాపు తగ్గిస్తే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి. 0.5 నుంచి తగ్గించారంటే మీ స్పార్క్ ఇప్పుడు కొంచెం వెనక్కి జరిగింది. ఎదురు తన్నడం ఆగడంలో దానికీ వాటా ఉండొచ్చు. వెనక్కి మరీ జరిగితే పికప్ మందగిస్తుంది, ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది.

లైటు లేకుండా చూడటానికి పల్చటి కాగితం చాలు. సిగరెట్ పేపరైతే ఇంకా మంచిది. పాయింట్లు మూసుకుని ఉండగా కాగితం మధ్యలో పెట్టండి, పట్టుకుంటుంది. ప్లగ్గు రంధ్రంలోంచి పిస్టన్ మీదకి ఒక మొద్దు పుల్ల దించండి. స్క్రూడ్రైవర్ వద్దు, గీతలు పడతాయి. నాలుగో గేరులో వేసి వెనక చక్రాన్ని ముందుకి మెల్లగా తిప్పుతూ కాగితాన్ని సున్నితంగా లాగుతుండండి. అది జారిన క్షణమే పాయింట్లు తెరుచుకున్న క్షణం. అప్పుడు పుల్ల పై చివరికి ఎంత దూరంలో ఉందో గుర్తు పెట్టుకుని, మీ మోడల్ మాన్యువల్‌లో ఇచ్చిన కొలతతో పోల్చండి. తేడా ఉంటే పాయింట్ల యూనిట్ క్లాంప్ వదులు చేసి కొంచెం తిప్పి మళ్ళీ చూడాలి. చక్రం తిప్పేటప్పుడు ఎప్పుడూ ముందుకే తిప్పండి. దాటిపోతే బాగా వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకి రండి, లేకపోతే గేర్ల మధ్య ఉన్న ఆట వల్ల కొలత తప్పొస్తుంది.

టాపెట్లు ముందు, టైమింగ్ తర్వాత. ప్లగ్గు ఎలాగూ తీస్తున్నారు కాబట్టి మసి మళ్ళీ పట్టిందో లేదో కూడా రాయండి. రంగు గోధుమగా ఉంటే గాలి స్క్రూ అక్కడే వదిలేయండి.